ఇంజన్ ఆయిల్‌కి బదిలీ

గోనెసంచుల నాణ్యతా నియంత్రణ శాఖ అని ఒకటుందని చాలామందికి తెలియదు. తెలియనందువల్ల ఆ శాఖకి వచ్చిన నష్టమేమీ లేదు. వాన మొహం చూడని ఒక జిల్లాలో దానికో ఆఫీసుంది, ఆ ఆఫీసుకో జీపుంది, ఆ జీపుకి ఏసుపాదం అనే డ్రైవరున్నాడు. ఆ డ్రైవరుకి అయిదువందల కిలోమీటర్ల అవతల, గోదావరి పాయల మధ్య పెదలంక అనే ఊళ్ళో, సువార్త అనే భార్య ఉంది. ఆమె అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. ఒక్క ఏడాది ఓపిక పట్టు, బదిలీ చేయించుకుని వచ్చేస్తానని పెళ్ళయిన కొత్తలో ఏసుపాదం ఆమెకి మాటిచ్చాడు. ఆ మాటకిప్పుడు పదకొండేళ్ళు.

ఈ పదకొండేళ్ళలో అతను పదకొండు దరఖాస్తులు పెట్టుకున్నాడు. ఒకసారి బదిలీలపై నిషేధం ఉందన్నారు. ఇంకోసారి నిషేధం ఎత్తేశారుగానీ ఆ కబురు మన ఆఫీసుకి చేరేలోపు మళ్ళీ పెట్టేశారన్నారు. మరోసారి భార్య ఉద్యోగం చేస్తున్నట్టు సర్టిఫికెట్ ఉంది, బాగానే ఉంది, ఆ ఉద్యోగం చేస్తున్నావిడ నీ భార్యేనన్న సర్టిఫికెట్ ఏదీ అన్నారు. అది సంపాదించి తెచ్చేసరికి మొదటిదానికి గడువు తీరిపోయింది. ఏసుపాదం నెలకోసారి బస్సెక్కి వెళ్ళి, ఒక పగలు ఉండి, మళ్ళీ బస్సెక్కి వచ్చేసేవాడు. సువార్త ఏమీ అనేది కాదు. అనకపోవడమే అతనికి ఎక్కువ బాధగా ఉండేది.

జీపుని మాత్రం అతను ప్రాణంలా చూసుకున్నాడు. అందులో సొంత స్వార్థం కూడా ఉంది. నడుస్తున్న బండి చేతిలో ఉన్న డ్రైవరే బదిలీకి అర్హుడని శాఖ నిబంధన. బండి మూలపడితే డ్రైవరూ మూలపడినట్టే. కాబట్టి అయిదువేల కిలోమీటర్లు తిరగ్గానే ఎవరికీ చెప్పకుండా మెకానిక్ జిలానీ షెడ్డుకి తోలుకెళ్ళి, పాత ఆయిల్ దింపించి కొత్తది పోయించేవాడు. టీ తాగి వచ్చేలోపు అయిపోయే పని. ఎవరికీ తెలియదు కాబట్టి పదకొండేళ్ళు ఆ పని సక్రమంగా జరిగింది.

ఇలా ఉండగా హెడ్డాఫీసులో మాతృభాషా మహోద్యమం మొదలైంది. ఇకమీదట శాఖలో ప్రతి కాగితమూ తెలుగులోనే ఉండాలన్నారు. అప్పటిదాకా ఇంగ్లీషులో అర్థం కానివన్నీ తెలుగులో అర్థం కాకుండా చెయ్యడానికి ఒక అనువాద సంఘం వేశారు. జీపుల కంపెనీవాళ్ళిచ్చిన చిన్న పుస్తకం ఆ సంఘంలో ఒక పెద్దాయన వాటాకి వచ్చింది. ఆయన ముప్ఫై ఏళ్ళు ఉద్యోగుల సెక్షన్లో పనిచేసినవాడు. శాఖలో ఆయన కళ్ళారా చూసిన మార్పంటూ ఏదైనా ఉంటే అది మనుషుల్ని ఒక ఊరినుంచి ఇంకో ఊరికి మార్చడమే. ఆయిల్ మార్చాలి అన్నచోట ఆయన చెయ్యి అలవాటుకొద్దీ తనకి తెలిసిన మాటే రాసింది. సర్క్యులర్ ఇలా వచ్చింది: "శాఖా వాహనముల యంత్రములందు గల చమురును ప్రతి అయిదువేల కిలోమీటర్లకు గాని, ఆరు మాసములకు గాని, ఏది ముందైన అప్పుడు, విధిగా బదిలీ చేయవలెను. ఉల్లంఘన తీవ్రముగా పరిగణింపబడును."

జిల్లా ఆఫీసు సూపరింటెండెంటు చిదంబరయ్య గారు దాన్ని మూడుసార్లు చదివారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరి దగ్గరా కప్పు టీ కూడా ఆశించరు. కాగితం మీద ఉన్నదే లోకం, లేనిది లేదు అని నమ్మి, ఆ నమ్మకంతో ప్రశాంతంగా బతుకుతున్నవారు. అప్పటికి జీపు సరిగ్గా అయిదువేలు పూర్తిచేసింది. ఏసుపాదం తాళాలు తీసుకుని షెడ్డుకి బయల్దేరుతుంటే ఆయన ఆపి, ఎక్కడికన్నారు. ఆయిల్ మార్చడానికన్నాడు. బదిలీలపై నిషేధం ఉంది కదా అన్నారు.

ఏసుపాదం ఆయన వేళాకోళం ఆడుతున్నారనుకున్నాడు. చిదంబరయ్య గారు పుట్టి బుద్ధెరిగి వేళాకోళం ఆడిన మనిషి కాదని గుర్తొచ్చి, నవ్వు మింగేశాడు.

"అదేం బదిలీ కాదండి. నల్లబడ్డది తీసేసి కొత్తది పోస్తారండి, అంతే."

"నువ్వు చెప్పేది షెడ్డు భాష. నా దగ్గరున్నది ప్రభుత్వ భాష. బదిలీ అన్నారు. బదిలీకి విధివిధానాలున్నాయి. నిషేధం ఎత్తేదాకా ఆయిల్ ఎక్కడున్నది అక్కడే పనిచెయ్యాలి."

అలా ఆయిల్ అక్కడే పనిచేసింది. ఆరువేలైంది, ఎనిమిదివేలైంది, పదకొండువేలైంది. ఏసుపాదం రోజూ పొద్దున్నే ఇంజన్లోంచి ఆయిల్ గేజి కడ్డీ లాగి చూసుకుని దిగులు పడేవాడు. ఒకనాడు జిలానీ ఆ గేజిని వేలితో తుడిచి, వాసన చూసి, "ఏందన్నా ఇది, తారు మాదిరిగా ఉండాది. దీంతో రోడ్డెయ్యొచ్చు గానీ బండి నడపలేవు" అన్నాడు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు మూలిగేది. ఆ మూలుగు వినపడ్డప్పుడల్లా ఏసుపాదానికి పెదలంక ఇంకో మైలు దూరం జరిగినట్టుండేది. చేత్తో స్టీరింగు నిమిరి, జూన్ దాకా ఆగవే తల్లీ అని బతిమాలుకునేవాడు.

జూన్‌లో నిషేధం ఎత్తేశారు. ఎత్తేసిన రోజునే చిదంబరయ్య గారు ఆయిల్ పేర సర్వీసు రిజిస్టరు తెరిచారు. రిజిస్టరు లేనివారికి బదిలీ ఉండదు మరి. పేరు రాశారు. తండ్రి పేరు దగ్గర ఆగి, డబ్బా మీద ఉన్న కంపెనీ పేరు వేశారు. పుట్టినతేదీ డబ్బా అడుగున అచ్చేసి ఉంది. పుట్టుమచ్చలు రెండు రాయాలి. చూడబోతే ఒళ్ళంతా ఒకటే మచ్చ. స్థానికులా స్థానికేతరులా అన్నచోట ఒక పూట గడిచింది. ముడిచమురు ఓడల్లో వేరే దేశాల నుంచి కూడా వస్తుందటండి అని ఏసుపాదం నోరుజారాడు. స్థానికేతరుల గడిలో టిక్కు పడింది.

అదే రోజు ఏసుపాదం తన పన్నెండో దరఖాస్తు కూడా రాసిచ్చాడు. రెండు కాగితాలనూ ఒకే కవరులో పెట్టి హెడ్డాఫీసుకి పంపారు.

బదిలీల కౌన్సెలింగు హెడ్డాఫీసు సమావేశ మందిరంలో జరిగింది. అన్ని జిల్లాల డ్రైవర్లూ తమ తమ ఆయిళ్ళను డబ్బాల్లోకి దింపి, మూతలు బిగించి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేలమీద పెడితే అభ్యర్థుల్ని అవమానించినట్టవుతుందని గుమ్మంలోనే చెప్పారు. వేదిక మీద డిప్యూటీ డైరెక్టర్ వకుళాదేవి గారు ప్రారంభోపన్యాసం చేశారు. బదిలీ శిక్ష కాదన్నారు. పాలనా దేహంలో అది ప్రసరణ వంటిదన్నారు. ఒకేచోట పాతుకుపోయిన చమురులో అలసత్వం, జిడ్డుతనం పేరుకుంటాయని, కొత్త ప్రదేశంలో కొత్త ఉత్సాహంతో కందెన సేవలందించాలని హితవు చెప్పారు. డబ్బాల తరఫున డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

ఎక్కువకాలం ఒకేచోట పనిచేసినవారికి మొదటి అవకాశం. పదకొండువేల కిలోమీటర్లు ఒకే ఇంజన్లో చేసినది రాష్ట్రం మొత్తం మీద మన ఆయిల్ ఒక్కటే. దానికే మొదటి పిలుపు వచ్చింది. ఖాళీల పట్టిక చదివి, ఏ ఊరు కోరుకుంటున్నావని వకుళాదేవి గారు డబ్బానడిగారు. డబ్బా మాట్లాడలేదు. ఏసుపాదం కళ్ళు పట్టికలో నాలుగో పేరు దగ్గర ఆగిపోయాయి. పెదలంక సర్కిలు. ఆయిల్ అక్కడికి వెళ్తే దాన్ని దింపిరావడానికి తనూ వెళ్ళాలి, ఎవరు చెప్పొచ్చారు, అటునుంచి అటే ఉండిపోవచ్చేమో అని ఆశ పుట్టింది.

"పెదలంకండి" అన్నాడు.

"కారణం?"

"దంపతుల కోటాండి. దీని ఆయిల్ ఫిల్టరు అక్కడుందండి."

వకుళాదేవి గారు పక్కనున్నవారితో సంప్రదించారు. ఆయిల్, ఫిల్టరు ఒకరు లేనిదే ఒకరు పనిచెయ్యలేరని సాంకేతిక నిపుణులు ధ్రువీకరించారు. మానవతా దృక్పథంతో మంజూరు చేశారు. మందిరంలో ఒకరిద్దరికి కళ్ళు చెమర్చాయి.

ఇక డ్రైవర్ల దరఖాస్తులు తీశారు. మొత్తం సంఖ్యలో ఇరవై శాతానికి మించి బదిలీలు చెయ్యకూడదు. ఆ ఇరవై శాతమూ డబ్బాలతో నిండిపోయింది. ఏసుపాదం లేచి నిలబడి, తను కూడా అదే ఊరు అడిగానని, తనకీ అక్కడ భార్య ఉందని చెప్పాడు. పోయినసారి నీదే ఆలస్యమన్నారు, ఈసారి ఆయిల్ ముందుందన్నారు, దరఖాస్తు మాత్రం పరిశీలనలోనే ఉంటుందని ధైర్యం చెప్పారు. అతని జీవితంలో ఎంతోమంది అతన్ని పరిశీలించారు గానీ చూసినవాళ్ళు తక్కువ.

కొత్తచోట చేరడానికి ఆయిల్‌కి ఏడు రోజుల గడువిచ్చారు. బస్సులో దాని పేర సీటు కూడా ఇచ్చారు. ఏసుపాదం సొంత సెలవు మీద వెళ్తున్నవాడు కనక అతనికి సీటు లేదు. డబ్బా కిటికీ పక్కన కూర్చుంది, అతను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. దారిలో ఒక ముసలావిడ డబ్బా తియ్యమని గోలపెడితే కండక్టరు బదిలీ ఉత్తర్వు చదివి వినిపించి, ఆవిణ్ణే సర్దుకోమన్నాడు.

పెదలంక సర్కిలు ఆఫీసులో డబ్బాని అప్పజెప్పి, చేరినట్టు కాగితం తీసుకుని, ఏసుపాదం ఇంటికి వెళ్ళాడు. సువార్త అప్పుడే టీకాల పని ముగించుకుని వచ్చింది. జరిగిందంతా విని, లేచి పొయ్యి వెలిగించింది. చింతచిగురు రొయ్యలు వండి వడ్డించింది. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని, "పదకొండేళ్ళూ నేను ప్రార్థన చేసింది ఆ డబ్బా కోసమేటండి" అంది. మర్నాటితో సెలవైపోయింది.

తిరిగొచ్చేసరికి జీపు ఖాళీ కడుపుతో ఉంది. దానికి రావలసిన ఆయిల్ ఇంకో జిల్లా నుంచి బయల్దేరింది గానీ దారిలో డబ్బా చిల్లిపడి కారిపోయింది. చిదంబరయ్య గారు దాన్ని విధులకు గైర్హాజరైనట్టు రాసి, సంజాయిషీ కోరుతూ ఖాళీ డబ్బాకి నోటీసు అంటించారు. పోనీ కొత్త ఆయిల్ పోయిద్దామని ఏసుపాదం అంటే ఆయన ఉలిక్కిపడ్డారు. కొత్తది పొయ్యడమంటే కొత్త నియామకం. నియామకాలకి అనుమతి లేదు. ఉన్నవాళ్ళనే అటూ ఇటూ సర్దుకోవాలి. ఏసుపాదానికి ఆ క్షణాన ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలివి వచ్చింది. కాంట్రాక్టు పద్ధతిమీద తీసుకుందామండి అన్నాడు. చిదంబరయ్య గారి మొహం విప్పారింది. అది నిబంధనల్లో ఉంది. తనని పర్మనెంటు చెయ్యమని ఎన్నడూ అడగబోనని ఆయిల్ తరఫున హామీపత్రం రాయించుకుని, జిలానీ షెడ్డు నుంచి నాలుగు లీటర్లు తాత్కాలికంగా నియమించారు.

మిగతా జిల్లాల్లో ఇంత ముందుచూపున్నవాళ్ళు లేకపోయారు. తూర్పున మాడిన ఆయిల్ పడమటికి, పడమట మాడింది ఉత్తరానికి పోయి, ఏ ఇంజన్లో చేరితే ఆ ఇంజన్ బిగుసుకుపోయేలా చేసింది. పెదలంక జీపు మన తారు తాగిన మూడోరోజున వంతెన మీద ఆగిపోయి మళ్ళీ లేవలేదు. రెండు నెలలు తిరిగేసరికి శాఖలో నడుస్తున్న జీపు ఏసుపాదానిది ఒక్కటే మిగిలింది. నడుస్తున్నందుకు దానిమీద విచారణ కూడా వేశారు.

చివరికి తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఉన్నతస్థాయి సంఘం కూర్చుంది. తప్పు మాటలో ఉందని తేలింది. తేలడానికి ఆరు సమావేశాలు పట్టినా, తేలింది నిజమే. అయితే ఒక మాట తప్పని ఒప్పుకుంటే ఒక్క సర్క్యులర్ దిద్ది సరిపెట్టడం పెద్ద ఆఫీసు స్థాయికి తక్కువ. సమగ్ర సవరణ వెలువడింది: "ఈ శాఖకు సంబంధించిన సమస్త ఉత్తర్వులు, నిబంధనలు, దరఖాస్తులలో 'బదిలీ' అని ఉన్న ప్రతిచోట, 'పాతదానిని తీసివేసి కొత్తదానిని నింపుట' అని చదువుకొనవలెను. ఇది తక్షణము అమలులోనికి వచ్చును."

ఏసుపాదం ఆ కాగితం చదివి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇక బండికి ఢోకా లేదనుకున్నాడు. అదే వారంలో అతని పేర ఇంకో కవరు వచ్చింది. పన్నెండో దరఖాస్తుని సానుభూతితో పరిశీలించి, బదిలీ మంజూరు చేశారు. ఏసుపాదం కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. సువార్తకి ఫోన్ చేసి చెప్పాడు. ఆఫీసంతా మైసూరుపాకు పంచాడు. చిదంబరయ్య గారు తన ముక్కని కాగితంలో చుట్టి పక్కన పెట్టి, ముందు ఉత్తర్వు తీసుకున్నారు, తర్వాత సవరణ తీసుకున్నారు, రెండూ పక్కపక్కన పెట్టి చదివారు.

"ఏసుపాదం, ఇందులో పెదలంకకి అని లేదోయ్. ఊరి పేరే లేదు. బదిలీ మంజూరు అని మాత్రం ఉంది."

"బదిలీ అంటే అదేకదండి."

"నిన్నటిదాకా అదే. ఇప్పుడు పాతదాన్ని తీసివేసి కొత్తదాన్ని నింపుట."

గుమ్మంలో ఒక కుర్ర డ్రైవరు కాంట్రాక్టు నియామకపు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏసుపాదం అతన్ని చూశాడు, కాగితాన్ని చూశాడు. తను అడిగింది ఊరు మారడమని, ఉద్యోగం పోవడం కాదని, పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క యాక్సిడెంటు కూడా చెయ్యలేదని చెప్పాడు. చిదంబరయ్య గారికి నిజంగానే జాలేసింది. ఆయన బీరువాలోంచి పన్నెండు దరఖాస్తులూ తీసి బల్లమీద పరిచారు.

"నన్నేం చెయ్యమంటావు? బదిలీ కావాలని నీ చేత్తో నువ్వే పన్నెండుసార్లు రాశావు. నిన్నెవరూ బలవంతపెట్టలేదు."

పని అంతటితో అయిపోలేదు. తీసివేసిన పాతదాన్ని ఏం చెయ్యాలన్నది సర్క్యులర్ అనుబంధంలో ఉంది. దాన్ని నేలమీద పారబొయ్యకూడదు, కాలవల్లో వదలకూడదు. స్వీకరించడానికి హక్కున్నవారికి అప్పగించి, నిర్ణీత ఫారంలో రసీదు తీసుకోవాలి. ఏసుపాదాన్ని స్వీకరించడానికి హక్కున్నవారెవరని చిదంబరయ్య గారు ఫైళ్ళన్నీ వెతికారు. ఉద్యోగం చేస్తున్నావిడ అతని భార్యేనన్న సర్టిఫికెట్ దొరికింది.

మర్నాడు పొద్దున్నే కొత్త డ్రైవరు జీపు తీశాడు. చిదంబరయ్య గారు ముందు సీట్లో, ఏసుపాదం వెనక సీట్లో కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళలో అతను ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కొత్తవాడు గేరు మార్చినప్పుడల్లా అతని చెయ్యి దానంతటదే కదిలేది. గోదావరి గాలి తగిలినప్పుడు ఏసుపాదం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పెదలంకలో సువార్త అరుగుమీద గర్భిణీల పేర్లు రాసుకుంటోంది. జీపులోంచి భర్త దిగగానే ఆమె మొహం వెలిగింది. చిదంబరయ్య గారు దిగి, గొంతు సవరించుకుని, ఉత్తర్వు మొత్తం చదివి వినిపించి, ఫారం చేతికిచ్చేసరికి ఆ వెలుగు పోయింది. ఏసుపాదం తలొంచుకుని నిలబడ్డాడు, ఉద్యోగం పోయినందుకు కాదు, ఇలా చేరినందుకు.

సువార్త ఫారం అంతా చదివింది. ఒకసారి భర్త తలకేసి చూసింది. ఆ జుట్టు ఎప్పుడు నెరిసిందో ఆమెకి తెలియదు. నెలకోసారి చూసేవాళ్ళకి అలాంటివి తెలియవు.

"మనిషి కావాలని ఇన్నాళ్ళూ అడిగితే ఇవ్వలేదండి. పాతబడిపోయాడని ఇప్పుడు తెచ్చి ఇస్తున్నారు" అంది.

ఫారంలో దానికి ఏ గడీ లేదు. చిదంబరయ్య గారు సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. ఆమె సంతకం పెట్టింది. ఆయన ఫారం అందుకుని, కింద ఒక గడి ఖాళీగా ఉందని చూసి, తిరిగిచ్చారు. అప్పగించినదానిలో తరుగేమైనా ఉంటే అక్కడ రాయాలి.

సువార్త పెన్ను తీసుకుని, తొందరపడకుండా, "పదకొండేళ్ళు" అని రాసింది.

చిదంబరయ్య గారు కళ్ళద్దాలు సరిచేసుకుని రెండుసార్లు చదివారు.

"ఇది లీటర్లలో రాయాలమ్మా" అన్నారు.